మేడ మీద పందిరి... పందిట్లో రామములగ

"టమాటాలు ఎంత బాబూ?"

"నూట అరవై అమ్మా."

2023 జులైలో రాజమండ్రిలో మా వీధి కూరల బండి దగ్గర జరిగిన సంభాషణ ఇది. మీ వీధిలోనూ ఇంచుమించు ఇలాగే జరిగి ఉంటుంది. పావుకిలో ఇమ్మంటే తూచి మూడు కాయలు చేతిలో పెట్టాడు. అందులో ఒకటి మెత్తబడిపోయింది. ఆ వారమంతా మా ఇంట్లో చింతపండు చారే! ఇదే టమాటాని రైతులు కిలోకి రెండు రూపాయలు కూడా రాక రోడ్డు మీద పారబోసిన ఫొటోలు పేపర్లో మనం ఎన్నిసార్లు చూడలేదూ? మదనపల్లె లాంటి పెద్ద మార్కెట్లోనే నెల తిరిగేసరికి ధర తలకిందులవుతుంది. పండించేవాడికీ నిలకడ లేదు, వండుకునేవాళ్ళకీ లేదు.

సరే, మనమే వేసుకుంటే? మేడ మీద ఖాళీగా ఉన్న జాగాలో చిన్న గ్రీన్‌హౌస్ కట్టిద్దామని మా వారితో అన్నాను. "కిలోకి నూట అరవై మిగల్చడానికి పదిహేను వేలు ఖర్చు పెడతావా?" అన్నారాయన. లెక్క ప్రకారం చూస్తే ఆయనదే రైటు. అయినా కట్టించాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, డబ్బు కలిసొస్తుందని మాత్రం ఈ పనికి దిగకండి. రెండేళ్ళయినా నా పదిహేను వేలు నాకు తిరిగి రాలేదు.

వచ్చినవి వేరే ఉన్నాయి. అవి చెబుతాను.

అద్దాల మేడ మనకెందుకు?

మొదటి ఏడు నేను చేసింది అచ్చమైన తెలివితక్కువ పని. టీవీలో, పుస్తకాల్లో చూసిన విదేశీ గ్రీన్‌హౌస్‌లాగే ఉండాలని పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున ఇనప పైపులు నిలబెట్టించి, పైనా నాలుగు పక్కలా మందపాటి పాలిథిన్ షీటు కప్పించాను. చూడ్డానికి భలేగా ఉంది. సెప్టెంబరులో నారు నాటాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత కూడా బాగా వచ్చింది. అక్టోబరు ఎండకి పూలన్నీ కాడతో సహా రాలి కిందపడ్డాయి. ఒక్క పిందె ఉంటే ఒట్టు!

ఎందుకిలా అయింది? హాలెండు లాంటి చలిదేశాల్లో ఆ ఇల్లు కట్టేది వేడిని లోపల దాచుకోవడానికి. మనకి వేడికేం కరువు? టమాటా మొక్కకి పగటి ఎండ 35 డిగ్రీలు దాటినా, రాత్రి చల్లబడక 24 డిగ్రీలకి పైనే ఉన్నా పువ్వులోని పుప్పొడి పనిచెయ్యదు. పువ్వు పిందె కట్టకుండానే రాలిపోతుంది. నా పాలిథిన్ గదిలో మధ్యాహ్నం ఒంటిగంటకి నేను రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. ఇక పువ్వేం నిలబడుతుంది?

మనకి కావలసిన పందిరి మూడింటిని ఆపాలి. నడినెత్తిన ఎండని, కాయ మీద పడి పగలగొట్టే వానని, పురుగుని. గాలిని మాత్రం ఆపకూడదు. ఈ సంగతి తెలిశాక పక్కల షీటంతా పీకించేసి దాని స్థానంలో సన్నటి పురుగుల వల కట్టించాను. వల కొనేటప్పుడు "నలభై మెష్" అని అడగండి. అంటే అంగుళానికి నలభై గళ్ళన్నమాట. పైన షీటు వానల్లో మాత్రం ఉంచుతాను. ఎండలు మొదలవగానే దాన్ని చుట్టేసి నీడ వల పరుస్తాను. నీడ వలలో సగం ఎండని ఆపే రకం టమాటాకి ఎక్కువవుతుంది, మొక్క బక్కచిక్కి పైకి సాగుతుంది. మూడో వంతు ఆపేది చాలు.

ఇంకో మాట. పదిహేను అంగుళాల సంచి నిండా తడిమట్టి ఉంటే ఇద్దరు పట్టి ఎత్తాలి. అలాంటివి ఇరవై తెచ్చి స్లాబు మధ్యలో పేర్చకండి. దూలాల మీదుగా, గోడ వారగా సర్దుకోండి. అద్దెఇల్లయితే ఇంటివారికి ముందే చెప్పడం మంచిది. నీళ్ళు కింది వాటాలోకి కారాక చెబితే బాగుండదు కదా!

ఏ రకం ఎందుకు?

మార్కెట్లో మనం అడిగేది రెండే రకాలు, నాటువి, హైబ్రిడ్‌వి. నాటువి చారుకీ పప్పుకీ, గట్టివి నాలుగు రోజులు నిల్వకీ. ఇంతే మనకి తెలిసిన లెక్క. సొంతంగా వేసుకుంటే ఎన్ని రకాలో!

మొదట మొక్క తీరు తెలుసుకోవాలి. కొన్ని పొద రకాలు. నడుము ఎత్తు పెరిగి ఆగిపోతాయి, కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. నిల్వ పచ్చడి పెట్టుకునేవాళ్ళకి ఇవి నయం. కొన్ని తీగ రకాలు. ఇవి సాగుతూనే ఉంటాయి, కాస్తూనే ఉంటాయి. వీటికి ఆకు చంకల్లోంచి వచ్చే పిలకల్ని వారానికోసారి గిల్లేసి ఒకటో రెండో కొమ్మలే ఉంచి తాడుకి ఎక్కించాలి. పొద రకానికి ఇలా పిలకలు గిల్లితే కాపే పోతుంది. ఏ రకమో తెలియకుండా చెయ్యి పెట్టకండి. కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, కాండాన్ని కోసేస్తుంది. పాత నూలుచీర పేలికలంత మేలైనవి ఇంకేవీ లేవు.

నేను వేసినవాటిలో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా రూబీ పులుపు బాగుంటుంది. కాయ కాస్త చపటగా, గీతలు పడి ఉంటుంది. చారుకి దీని తర్వాతే ఏదైనా. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క వికాస్ ఎండకి ఓర్చుకుంటుంది, మొదటిసారి వేసేవాళ్ళు దీంతో మొదలుపెట్టచ్చు. వాళ్ళదే అర్క రక్షక్ అని హైబ్రిడ్ ఉంది. ఆకుముడత, వాడు తెగులు, మచ్చ తెగులు, మూడింటినీ తట్టుకునేలా తయారుచేసింది. కాయ రాయిలా ఉంటుంది, వారం రోజులు బుట్టలో పెట్టినా చెక్కుచెదరదు. చారులో వేస్తే మాత్రం ఉప్పూ కారమూ తప్ప ఏమీ తెలియలేదని మా అత్తయ్యగారి తీర్పు. కోడిగుడ్డులా కోలగా ఉండే రోమా రకంలో నీరు, గింజ తక్కువ. ఊరగాయకి ముక్కలు ఎండబెడితే రెండెండల్లో వడిలిపోతాయి. చెర్రీ టమాటాలు వంటింటి దాకా రావు. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు మేడమీదే ఖాళీ చేసేస్తారు.

ఇక రంగుల సరదా! గ్రీన్ జీబ్రా అని ఒకటుంది, అమెరికాలో టామ్ వాగ్నర్ అనే ఆయన 1983లో బయటపెట్టిన రకం. పండినా ఆకుపచ్చగానే ఉండి పైన చారలుంటాయి. నాకా సంగతి తెలియక ఎర్రబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు ముట్టుకుంటే చేతిలోనే చితికిపోయింది! దాన్ని చూసి కాదు, నొక్కి చూసి కొయ్యాలట. బ్లాక్ క్రిమ్ అనే నల్లటి రకం నాలుగు కాయలు కాసి చేతులెత్తేసింది. ఇవన్నీ ఫొటోకి బాగుంటాయి. నన్నడిగితే, ఒక్క సంచీకి మించి ఇవ్వద్దు వాటికి.

ఈ రకాల గొడవలో పడి నాకు తెలిసిన ఇంకో విషయం చెప్పాలి. కొన్న టమాటాలకి రుచి ఎందుకుండదు? దోరగా కోసి లారీ ఎక్కిస్తారు కనక అనుకుంటాం. అదీ ఒక కారణమే. 2012లో అమెరికా శాస్త్రవేత్తలు ఇంకోటి కనిపెట్టారు. పాతకాలపు టమాటా పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చగా ఉంటుంది, భుజాల మీద కండువా వేసినట్టు. పండినా అక్కడ రంగు సమంగా రాదు. అమ్మకానికి అందంగా ఉండదని, కాయంతా ఒకే రంగులో పండే రకాల్ని ఏరి ఏరి పెంచుతూ వచ్చారు. ఆ పచ్చటి భుజాలని ఇచ్చే జన్యువే కాయలో తీపిని కూడా పెంచుతుందట. రంగు కోసం దాన్ని పోగొట్టుకున్నాం. అన్నట్టు, పండిన టమాటాని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి వాసన చచ్చిపోతుంది. బుట్టలో వేసి గట్టు మీద పెట్టండి చాలు.

పచ్చటి భుజాల గురించి చదివినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది మా అమ్మ పెరట్లో కాయలు.

హార్లిక్స్ సీసాలో మూట

మా పుట్టిల్లు కోనసీమలో. అమ్మ టమాటాని చివరిదాకా రామములగ అనే అంది. మా వైపు పెద్దవాళ్ళందరూ అంతే. చిత్తూరు వైపువాళ్ళు తక్కాళి అన్నట్టు. ఆవిడ పెరట్లో గిలకబావి దగ్గర ప్రతి చలికాలమూ ఆ పాదు ఉండేది. నిమ్మకాయంత కాయ, పలచటి తోలు, తొడిమ దగ్గర పచ్చటి కండువా, నోరు తిరిగిపోయే పులుపు. ఎక్కడ కొన్నదీ కాదు, అమ్మమ్మ ఇచ్చిన విత్తు. అమ్మ 2019లో పోయింది. తర్వాత పెరట్లో అన్నయ్య గది వేసుకున్నాడు. పాదు సంగతి ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు, నిజం చెప్పద్దూ.

2024 సంక్రాంతికి వెళ్ళినప్పుడు వదినా నేనూ అటక దులుపుతుంటే పాత హార్లిక్స్ సీసా దొరికింది. లోపల గుడ్డమూట, మూటలో బూడిద కలిపిన విత్తనాలు. "పారెయ్ వదినా, పురుగు పట్టుంటుంది" అంది మా వదిన. నేను పమిట చెంగున కట్టుకుని తెచ్చేశాను.

అమ్మ చివరిసారి గింజలు తీసింది 2018లో. టమాటా గింజ పొడిగా దాస్తే నాలుగైదేళ్ళు మొలుస్తుంది. ఆ తర్వాత ఏడాదికేడాది తగ్గిపోతుంది. అప్పటికే ఆరో ఏడు. వెంటనే వేసేద్దామని చెయ్యి లాగింది. కానీ జనవరిలో పోస్తే పూత ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. ఉన్నవే ఇరవై రెండు గింజలు! పడుతూ లేస్తూ సెప్టెంబరు దాకా ఆగాను. గుంటల ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి గుంటకి ఒక్కటి చొప్పున పెట్టాను. పది రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజు ఒకటి తల ఎత్తింది. మొత్తం మీద మూడు మొలిచాయి.

ఒకటి నారుకుళ్ళుతో వాలిపోయింది. తడి ఎక్కువ పెట్టాను, తప్పు నాదే. మిగిలినవి రెండు.

కాయలున్న చెట్టు పీకిన రోజు

ఆ రెంటితో పాటు పందిట్లో ఇంకో ఎనిమిది సంచులున్నాయి. అవి నేను పెంచిన నారు కాదు. ఓపిక లేక ఒక నర్సరీలో కొని తెచ్చినవి. ఏ రకమని అడిగితే "మంచి రకమే అమ్మా" అన్నాడు. పందిట్లోకి తెచ్చే ముందు ఆకు తిప్పి చూడాలన్న ఆలోచన నాకు లేకపోయింది. నవంబరుకి వాటికి పిందెలు పడ్డాయి, ఇంట్లో అందరం సంబరపడ్డాం. అదే వారం చివళ్ళు గిన్నెల్లా ముడుచుకోవడం మొదలైంది. ఆకు కింద చూస్తే పిండి చల్లినట్టు తెల్లదోమ!

ఇది ఆకుముడత వైరస్. దోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే చాలు, అంటుకుంటుంది. దీనికి మందు లేదు. వేపనూనె లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొడితే దోమ తగ్గుతుంది. పసుపు రంగు అట్టకి ఆముదం రాసి వేలాడదీస్తే వచ్చి అతుక్కుంటుంది. ఇవన్నీ దోమకే. ముడుచుకున్న మొక్క మళ్ళీ విచ్చుకోదు. బయట దోమని ఆపడానికి కట్టిన వల, లోపలికి నేనే తెచ్చిన దోమని బయటికి పోనీయకుండా భద్రంగా కాపాడింది!

రెండు రోజుల్లో అమ్మ మొక్కల్లో ఒకదాని చివర ముడిచింది. దాన్ని అప్పుడే తీసేశాను. ఇక మిగిలింది ఒక్కటి.

ఎనిమిదింటినీ పీకాలి. ఒక్కోదానికీ పదిహేనూ ఇరవై పిందెలున్నాయి. అత్తయ్యగారు మెట్లెక్కి పైకొచ్చి అడ్డం నిలబడ్డారు. "కాయలున్న చెట్టు పీకుతావుటే? కడుపుతో ఉన్నదాన్ని గెంటినట్టు! కాసినన్ని కాయనీ, అప్పుడే పీకుదువుగాని" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. వైరస్ ఉన్నా కాసిని కాయలొస్తాయి, తింటే మనకేం కాదు కూడా. మా వారు ఎటూ చెప్పకుండా పేపరు చదువుతూ కూర్చున్నారు. నేను ఆ రాత్రి పీకలేదు. పొద్దున్నే, దోమ చల్లటి వేళ బద్ధకంగా ఉంటుందని, ఒక్కో మొక్కనీ కదపకుండా పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగి మూతి కట్టి మొదలంటా లాగేశాను. ఎనిమిది కవర్లూ ఎండలో పెట్టాను. లోపల పచ్చటి పిందెలు కనిపిస్తున్నాయి. అత్తయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిందెలన్నీ ఏరి పచ్చడి చేసుంటే ఆవిడ కోపం కాస్త తగ్గేదేమో. అప్పటికి తోచలేదు.

మిగిలిన ఒక్క మొక్కనీ పందిట్లోంచి తీసి మేడకి రెండోవైపు పెట్టాం. దోమతెర కప్పుదామన్నారు మా వారు. దోమతెర కంతల్లోంచి తెల్లదోమ హాయిగా దూరిపోతుంది. నా పాత వాయిలు చీర నాలుగు కర్రలకి చుట్టి, అడుగున ఇటుకలు పెట్టాను.

మామయ్యగారి చుట్ట, తుమ్మెద రాగం

చీర గుడారంలో మొక్క బాగానే పెరిగింది. పూత పట్టింది. అప్పుడు ఇంకో చిక్కు. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణం చేసుకుంటుంది గానీ, పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. బయటైతే గాలి ఆ పని చేస్తుంది, తుమ్మెద చేస్తుంది. తుమ్మెద పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా అదిలిస్తే ఉప్పు సీసా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. తేనెటీగకి ఈ విద్య రాదు. విదేశీ గ్రీన్‌హౌసుల్లో ఒకప్పుడు పనివాళ్ళు కరెంటు పుల్లలతో పువ్వుల గుత్తుల్ని అదిలించుకుంటూ తిరిగేవారు. 1980ల చివర్లో దాని బదులు బొద్దు తుమ్మెదల పెట్టెలు తెచ్చి పెట్టడం మొదలైంది. మన పందిట్లోకి పురుగుని రానివ్వం కనక ఆ తుమ్మెద మనమే. పొద్దున్న పదింటికి, మంచు ఆరాక, కట్టిన కర్ర మీద వేలితో నాలుగు దెబ్బలు కొడితే సరి. రోజూ కొట్టాలి. నేను వంట ముగించి పైకెళ్ళి కొట్టొచ్చేదాన్ని.

మా మామయ్యగారికి మాత్రం ఆ మొక్క దగ్గరికి ప్రవేశం లేదు. ఆయన చుట్ట కాలుస్తారు. పొగాకుదీ టమాటాదీ ఒకే కుటుంబం. పొగాకుకి వచ్చే మొజాయిక్ వైరస్ చుట్టలో కూడా బతికే ఉండి, చేతి ద్వారా టమాటాకి అంటుకుంటుంది. "నా ఇంటి మేడ మీదికి నన్నే రావద్దంటుంది" అని వీధి అరుగు మీద అందరికీ చెప్పుకున్నారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి చూసి వెళ్ళేవారు.

డిసెంబరులో రెండు కాయలకి అడుగు నల్లబడింది. "దిష్టి" అన్నారు అత్తయ్యగారు, మాట్లాడడం మొదలుపెట్టి. దిష్టి కాదు, కాయ అడుక్కి సున్నం అందకపోతే అలా అవుతుంది. మట్టిలో సున్నం లేక కాదు, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తితే అది పైకెక్కదు. చాలామంది గుడ్డుపెంకులు వేస్తారు. అవి మట్టిలో కలిసేసరికి నెలలు పడుతుంది, ఈ కాపుకి అందవు. నీళ్ళు రోజూ ఒకే వేళకి, ఒకేలా పొయ్యండి. మొదట్లో ఎండాకు పరవండి. నేను చేసింది అంతే, తర్వాతి కాయలు శుభ్రంగా వచ్చాయి. ఎర్రమిరపకాయ ఒకటి కర్రకి కట్టి అత్తయ్యగారు కూడా తన వైద్యం తాను చేశారు. ఎవరి ఖాతాలో వేసుకుంటారో మీ ఇష్టం.

2025 సంక్రాంతి ముందు మొదటి కాయ పండింది. నిమ్మకాయంత. భుజాల మీద పచ్చటి కండువా.

విత్తు కట్టడం

మొదటి నాలుగు కాయలు మేం తినలేదు. రెండో గుత్తిలో బాగా ముగ్గినవి కోసి గింజల గుజ్జు గాజు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్ళు పోసి మూత పెట్టకుండా రెండు రోజులు ఉంచాను. పులిసి పైన తెల్లటి పొర కడుతుంది, వాసన కూడా వస్తుంది, భయపడకండి. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకని ఆపుతుంది, పులిస్తేనే అది విడిపోతుంది. మూడో రోజు దాటనివ్వద్దు, గ్లాసులోనే మొలకలొస్తాయి. నీళ్ళు పోసి కడిగితే మంచి గింజలు అడుక్కి దిగుతాయి, తాలు పైకి తేలుతుంది. పింగాణీ పళ్ళెంలో నీడన ఆరబెట్టాలి. కాగితం మీద పోస్తే అతుక్కుపోతాయి. బాగా ఎండాక పొట్లం కట్టి, పేరూ సంవత్సరమూ రాసి గాలి దూరని సీసాలో పెట్టండి.

హైబ్రిడ్ కాయ నుంచి మాత్రం గింజ కట్టకండి. మొలుస్తుంది, కాస్తుంది, కానీ తల్లిలా ఉండదు. ఒక్కో మొక్క ఒక్కో తీరు. నాటువాటికీ, పూసా రూబీ, అర్క వికాస్ లాంటివాటికీ ఆ బెంగ లేదు. పక్కపక్కన వేసినా సాధారణంగా కలిసిపోవు.

మొత్తం ఒక్క మొక్కకి నలభై ఒక్క కాయలు వచ్చాయి, లెక్కపెట్టాను. విత్తనానికి పోగా మిగిలినవాటితో చారు పెట్టాను. కందికట్టు లేకుండా, మిరియం, జీలకర్ర, ఇంగువ పోపుతో, అమ్మ పెట్టినట్టే. మామయ్యగారు రెండోసారి వడ్డించుకున్నారు. అత్తయ్యగారు గిన్నె వంచి చూసి, "ఇంకెన్నున్నాయి చెట్టుకి?" అన్నారు.

ఏడు పొట్లాలు కట్టాను. ఒకటి వదినకి, పాదు వేసే చోటు లేకపోయినా కుండీలో వేస్తానంది. ఒకటి విశాఖలో చెల్లికి. ఒకటి మా పనమ్మాయి వాళ్ళ ఊళ్ళో పెరడుందంటే తనకిచ్చాను. రెండు మా వీధిలో అడిగినవాళ్ళు పట్టుకెళ్ళారు. ఒకటి సెప్టెంబరులో పొయ్యడానికి అట్టేపెట్టాను. ఇంకొకటి హార్లిక్స్ సీసాలో, అమ్మ గుడ్డమూట పక్కనే ఉంది.